జివ్వుమన్న చెయ్యి

"ఏమ్మే! చెయ్యి జివ్వుమంటా ఉండాది! బిన్నా రా, ఈడికి రా!"

పూజగదిలోంచి అత్తమ్మ పెట్టిన కేకకి పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తాను. పాలు పొంగిపోయాయి, పోతే పోనీ. ఆమె పీట మీద కూర్చుని ఉంది, పాదాలు అప్పుడే కడిగిన నేల మీద. తలస్నానం చేసిన జుట్టులోంచి నీళ్లింకా కారుతున్నాయి. ఎదురుగా స్టూలు మీద లాప్‌టాప్. తెర మీద పదిమంది ఆడవాళ్లు పారాయణం ఆపి నోళ్లు తెరుచుకుని చూస్తున్నారు. ఆమె ఎడమ చెయ్యి లాప్‌టాప్ మీద ఆనించి ఉంది.

ఆ చెయ్యి రెండేళ్ల నుంచీ ఆమె మాట వినడం లేదు. పక్షవాతం వచ్చినప్పుడు పడిపోయిన కాలు కుదురుకుంది, మాట కుదురుకుంది. ఎడమ చెయ్యి మాత్రం మోచేతి కింది నుంచి మొద్దుబారిపోయింది. వేడి గిన్నె తగిలి బొబ్బ లేచినా ఆమెకు తెలిసేది కాదు, మేము చూసి చెప్పాల్సిందే. అలాంటి చెయ్యి జివ్వుమందంటే ఇంట్లో పండగ కాక ఏమవుతుంది? ఆమె ఏడ్చింది, తెరలో పదిమందీ ఏడ్చారు, నేనూ ఏడ్చాను.

"అమ్మవారు చేతిలోకి దిగతా ఉండాదమ్మే. మండలం పూర్తయ్యేలోగా ఈ చేత్తోనే నీకు జడేస్తా, చూడు."

మండలమంటే నలభై ఎనిమిది రోజుల మొక్కు. రోజూ పొద్దున ఎనిమిదింటికి, రాయపురంలో మేముండే పాత ఇంటి పూజగదిలో కూర్చుని, గ్రూపు కాల్‌లో అమ్మవారి నామాలు చదివించాలి. మూలమూలల్లో ఉన్న చుట్టాలూ స్నేహితురాళ్లూ కలుస్తారు. ఫోన్ తెర ఆమె కళ్లకు ఆనదని నా పాత లాప్‌టాప్ ఇచ్చాను. ఒళ్లంతా రేకు, బ్యాటరీ చచ్చింది, ఛార్జర్ పెడితేనే వెలిగే ముసలి బండి. అసలు ఛార్జర్ ఎప్పుడో పోతే, దాని ధరకి గుండె ఒప్పక వీధి కొట్లో డూప్లికేటు కొన్నాను. పూజగదిలో ప్లగ్గు దూరమైతే, రెండు పిన్నుల ఎక్స్‌టెన్షన్ బాక్సొకటి ఇంట్లో పడి ఉంటే తెచ్చి పెట్టాను.

ఇంతకీ నా ఉద్యోగం ఏమిటో తెలుసా? షోళింగనల్లూరులో ఒక ఆఫీసులో హెల్ప్‌డెస్క్. పొద్దస్తమానం జనానికి లాప్‌టాపుల గురించి పాఠాలు చెప్పడమే పని. "సార్, పరుపు మీద పెట్టకండి, గాలాడదు." "మేడమ్, వైరు పట్టుకుని లాగకండి." "డూప్లికేటు ఛార్జర్ వాడొద్దు సార్, ప్రమాదం." చెప్పేవి శ్రీరంగనీతులు, దూరేవి దొమ్మరి గుడిసెలు అని మా అమ్మ ఊరికే అనలేదు.

ఇంట్లో కూడా అరిచేదాన్నే, కాని వేరే వాటికి. అగరొత్తుల బూడిద కీబోర్డులో పడుతోందని అరిచాను. మూత మీద పసుపు రాసి కుంకుమ బొట్టు పెడితే, "ఫ్యాను లోపలికి పోతుంది అత్తమ్మా!" అని నెత్తీ నోరూ బాదుకున్నాను. ఆమె నవ్వేసేది. "బొట్టు లేకుండా పూజగదిలో దేన్ని పెడతారే? సుమ్మా, ఊరికే అరవాక." అదీ ఆమె జవాబు. పసుపు కనపడిన నా కళ్లకు ప్లగ్గు కనపడలేదు.

జివ్వుమన్న రోజు నుంచి ఆమె వరస మారిపోయింది. మొదట నామాలు చదువుతున్నంతసేపూ ఆ చేతిని కుడిచేత్తో ఎత్తి లాప్‌టాప్ మీద పెట్టుకునేది. తర్వాత పారాయణం అయిపోయినా తీసేది కాదు. చేతికి వ్యాయామం చేయించడానికి ఇంటికొచ్చే ఫిజియోథెరపీ అమ్మాయిని మానిపించింది. "అమ్మవారే చూసుకుంటా ఉండాది, దాని పిసుకుళ్లు నాకెందుకు?" అంది. నేను గట్టిగా చెప్పలేకపోయాను. రెండేళ్లుగా గోడ వైపు తిరిగి పడుకున్న మనిషి, తెల్లారకముందే లేచి పాట పాడుకుంటూ నేల కడుగుతుంటే ఏ నోటితో వద్దంటాను?

ముప్పై తొమ్మిదో రోజు, బుధవారం, వాన. నాకు ఇంటి నుంచే పని. పారాయణం అయిపోయి అత్తమ్మ వంటింట్లోకి వెళ్లింది. లాప్‌టాప్ ఇంకా ఆన్‌లోనే ఉండి గుర్రుమంటోంది. ఆపుదామని వెళ్లాను. అప్పుడే స్నానం చేసి వచ్చాను, కాళ్ల కింద తడి. అరచెయ్యి దాని రేకు మీద ఆనిందో లేదో, జివ్వుమంది.

చెయ్యి తీశాను. మళ్లీ పెట్టాను. జివ్వు. ప్లగ్గు పీకాను, లాప్‌టాప్ ఆరిపోయింది, ముట్టుకుంటే ఏమీ లేదు. ప్లగ్గు పెట్టాను, జివ్వు. అమ్మవారు నా చేతిలోకి కూడా దిగిందనుకునేంత భక్తి నాకు లేదు. ఛార్జర్ లోంచి కరెంటు కారుతోంది, అది భూమిలోకి పోవడానికి మూడో పిన్ను లేదు, దానికి దొరికిన దారి తడికాళ్లతో కూర్చున్న మా అత్తమ్మ.

అప్పుడే చెప్పాల్సింది. ఛార్జర్ చేత్తో పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను కూడా. ఆమె ఎడమ చేతి వేళ్లను ఒక్కొక్కటీ కుడిచేత్తో నిమురుతూ, "ఈ చిటికెన వేలు కూడా కదులుతాదంటావా?" అని అడిగింది.

"ఛార్జర్ పాడైంది అత్తమ్మా. శనివారం కొత్తది తెస్తాను. అప్పటిదాకా ఫోన్‌లో చదివించండి," అన్నాను.

"ఫోన్‌లో అమ్మవారు పలకదమ్మే!"

"రెండు రోజులే కదా!" అని విసుక్కుని, ఆ ఛార్జర్ తీసుకెళ్లి ఆమె చూస్తుండగానే అటక మీద ఊరగాయ జాడీల వెనక పెట్టాను. చెత్తబుట్టలో వెయ్యాల్సిన దాన్ని అటక మీద పెట్టాను చూడండి, అదీ నా తెలివి. మా ఆయనకు కూడా చెప్పలేదు. చెబితే, "హెల్ప్‌డెస్క్ వాళ్లింట్లోనేనా?" అని నవ్వుతాడని సిగ్గు.

మర్నాడు ఆఫీసుకు బయల్దేరాను. క్యాబ్ అడయారు దాటేసరికి మా ఆయన నుంచి ఒక మెసేజ్ ఉంది, ఎప్పుడో ఆరింటికి పెట్టింది. అంబత్తూరులో ఆయన షిఫ్టు ఆ వేళకే మొదలు. "అమ్మ అడిగితే ఛార్జర్ అటక మీంచి దించి ఇచ్చాను. బాగానే పనిచేస్తోందే?"

టైము చూశాను. ఎనిమిదీ అయిదు.

ఇంటికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. పారాయణం వేళ ఆమె ఫోన్ నోరు నొక్కి పక్కన పడేస్తుంది. మళ్లీ చేశాను, మళ్లీ. షిఫ్టు అయ్యేదాకా మా ఆయన ఫోన్ లాకర్‌లో ఉంటుంది. పక్కింటివాళ్ల నంబరు నా దగ్గర లేదు. ఇన్నేళ్లు ఒక గోడకు అటూ ఇటూ బతికి ఒక నంబరు రాసుకోలేదు. క్యాబ్‌లో పక్కనున్న అమ్మాయి నీళ్ల సీసా అందించింది.

అప్పుడు తట్టింది, గ్రూపు కాల్ లింకు నా దగ్గర ఉంది కదా అని. నొక్కాను. చిన్న చిన్న గళ్లలో ఆడవాళ్లు, మధ్యలో మా అత్తమ్మ. తడి జుట్టు. నుదుటి మీద రూపాయి కాసంత బొట్టు. ఎడమ చెయ్యి లాప్‌టాప్ మీద.

"అత్తమ్మా! చెయ్యి తియ్యండి! చెయ్యి తియ్యండి!"

క్యాబ్ అదిరింది. తెరలో ఎవరూ ఉలకలేదు. ఒకరి ఇంట్లో కుక్కర్ కూత ఇంకొకరి చెవిలో పడకుండా, అత్తమ్మ మైకు తప్ప ఇంకెవరి మైకూ తెరుచుకోకుండా సెట్టింగు పెట్టింది నేనే. మహా తెలివిగా పెట్టాననుకున్నాను. చెయ్యి ఊపాను. నా ఎడమ చేతిని కుడిచేత్తో ఎత్తి చూపించాను. ఆమె నన్ను చూసింది. కోడలు ఆఫీసుకు పోతూ కూడా పారాయణానికి వచ్చిందని ముఖం వెలిగిపోయింది. తల ఊపి, ఇంకాస్త గట్టిగా చదవడం మొదలుపెట్టింది. అరచెయ్యి అంగుళం కదల్లేదు.

ఉన్నట్టుండి ఆమె గడి నల్లబడింది. నామం మధ్యలో గొంతు తెగిపోయింది.

క్యాబ్ ఆపించి దిగిపోయాను. ఆటో ఎక్కాను. "రాయపురం, అన్నా, వేగంగా పో," అన్నాను. దారంతా ఫోన్ మోగుతూనే ఉంది, ఆమె ఎత్తలేదు. ఆ గంటలో నేను మొక్కని దేవుడు లేడు, నన్ను నేను తిట్టుకోని తిట్టు లేదు. నేనే చంపాను, అబద్ధం ఆడి చంపాను అనుకుంటూ కూర్చున్నాను.

ఇంటి ముందు దిగేసరికి అత్తమ్మ గడప మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"టప్‌మని పేలిందమ్మే ఆ డబ్బా. ఇల్లంతా కాలిన కంపు. కరెంటు కూడా పోయింది. నువ్వేం, అప్పుడే వచ్చేస్తివి?"

నేను ఆమె కాళ్ల దగ్గర కూలబడి ఏడ్చాను. ఎందుకో ఆమెకు అర్థం కాలేదు.

కాసేపటికి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాను. ఆయన పూజగది బోర్డు విప్పి చూశాడు, నా బాక్సు ప్లగ్గు తిప్పి చూశాడు. "ఎర్త్ ఇల్లమ్మా," అన్నాడు. బోర్డులోనూ లేదు, బాక్సులోనూ లేదు. నల్లగా మాడిన ఛార్జర్‌ను గోటితో గీకి, "ఇది పేలి పోయింది కాబట్టి సరిపోయింది. పేలకుండా లోపల తీగలు ఒకదానికొకటి అంటుకుపోయి ఉంటే మొత్తం కరెంటు లాప్‌టాప్ రేకు మీదికి వచ్చేది," అన్నాడు. తర్వాత అత్తమ్మ వైపు తిరిగాడు. "పెద్దమ్మా, దీన్ని ముట్టుకుంటే జివ్వుమనేదా?"

అత్తమ్మ తల ఊపింది.

"అది కరెంటు లీకు పెద్దమ్మా. ఎవరు ముట్టుకున్నా అంతే." పాపం, ఆయనకేం తెలుసు? సామాను సర్దుకుని వెళ్లిపోయాడు.

ఆమె ఒళ్లో ఉన్న ఎడమ చేతిని చూసుకుంది. ఇక దాచి లాభం లేదని అంతా చెప్పేశాను. బాక్సు నేను పెట్టిందే, ఛార్జర్ నేను కొన్నదే, బుధవారమే నాకు తెలుసు.

"తెలుసునా?" అంది.

"తెలుసు."

"తెలిసి చెప్పలేదా నువ్వు?"

"మీ ముఖం చూసి చెప్పలేకపోయాను అత్తమ్మా."

"నా ముఖం చూసి!" ఆమె గొంతు చీరుకుపోయింది. "పిచ్చిముండలా ఆడ అందరి ముందరా చెయ్యి చూపిస్తా ఉండాను కదే! అమ్మవారనుకుంటిని కదే!"

మధ్యాహ్నం అన్నం ముట్టలేదు. నేను పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. మళ్లీ గోడ వైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూస్తే, ఆటోలో పడిన భయం కంటే ఎక్కువ భయం వేసింది నాకు. మనిషి బతికింది, కానీ నేను ఏం తీసేసుకున్నాను ఆమె నుంచి?

సాయంత్రం టీ పెట్టుకుని వెళ్లాను. కదల్లేదు. టీ అక్కడ పెట్టి వచ్చేస్తుంటే, గోడ వైపు నుంచే పిలిచింది.

"ఏమ్మే."

"ఏంటత్తమ్మా?"

"చచ్చిన చేతికి కరెంటు మాత్రం ఎట్ట తెలస్తాది?"

వెనక్కి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాను. హెల్ప్‌డెస్క్‌లో ఇన్నేళ్లలో ఎవరూ నన్ను అలాంటి ప్రశ్న అడగలేదు.

ఆమె లేచి కూర్చుంది. ఎడమ చేతిని ఎత్తి నా ఒళ్లో పెట్టి, ముఖం పక్కకు తిప్పుకుని కళ్లు మూసుకుంది. "గిల్లు."

చిటికెన వేలి మీద గిల్లాను. ఏమీ లేదు. ఉంగరపు వేలు. ఏమీ లేదు. "గిల్లతా ఉండావా, ముద్దు చేస్తా ఉండావా?" అంది కళ్లు తెరవకుండానే. అరచేతి మధ్యలో గిల్లాను, గోళ్లు దిగేట్టు. లేదు. చివరికి బొటనవేలి మొదట్లో కండ పట్టుకుని, ఏడుపు ఆపుకుంటూ మెలిపెట్టాను.

"అబ్బా! చంపేస్తావా ఏందే!"

కుడిచేత్తో నా మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఆమె బొటనవేలి మొదట్లో ఎర్రగా కందిన గోరంత చోటు అది, అంతే. ఇద్దరం దాన్నే చూస్తూ కూర్చున్నాం. తర్వాత ఆమె చల్లారిపోయిన టీ గ్లాసు అందుకుని, "ఆ పిసికే పిల్లకు ఫోన్ చెయ్యి, రేపు రమ్మను," అంది.