మేస్త్రిగారి వంతెన ట్రయల్

ట్రయల్ చూడనిదే మేస్త్రి తుమ్మనైనా తుమ్మడని వీధంతా అనేది. అది అన్యాయం. ఆయన ట్రయల్ లేకుండా చేసిన పని తుమ్మొక్కటే. దానికీ కాస్త చిన్నబోయినట్టే కనిపించేవాడు.

ఆయన లిఫ్టులు బిగించే మేస్త్రి. కొత్త లిఫ్టులో మనిషి అడుగుపెట్టేముందు ఇసుక బస్తాలు వేసి పైకీ కిందికీ తిప్పి చూడటం ఆ పనిలో ధర్మం. ఉద్యోగం అయిపోయాక బస్తాలు పోయాయి గానీ ధర్మం పోలేదు. పన్ను పీకించుకోవాల్సి వస్తే ముందురోజే వెళ్ళి డాక్టరు కుర్చీలో పడుకుని, నోరు తెరిచి, మూసి, దణ్ణం పెట్టి వచ్చేశాడు. "నొప్పెక్కడండీ?" అని డాక్టరడిగితే "రేపు చెబుతాను" అన్నాడట. అంతకు చాలా ముందు, వయసులో ఉండగా, భార్యకు నెలలు నిండినప్పుడు ఆస్పత్రి దారి ట్రయల్ చూడటానికి తన పొట్టకే దిండు కట్టుకుని టాక్సీలో మూలుగుతూ కూర్చున్నాడు. "మూలగకపోతే డ్రైవరు ఎంత వేగంగా పోతాడో ఎలా తెలుస్తుంది?" అని ఆయన వాదన.

ఆయన చెల్లెలు ఆ ఇంట్లోనే పక్క వాటాలో ఉండేది. కారు లారీని గుద్దుకుని ఆమె భర్త పోయిన రోజున ఆమె పక్క సీట్లోనే ఉంది. ఆ తరవాత చక్రాలున్నది ఏదీ ఎక్కలేదు. కూరలకు నడకే, ఆస్పత్రికీ నడకే. ఒక్కగానొక్క కూతురికి ఒక దీవిలో ఉద్యోగం. నీటి అంచుదాకా అడవి దిగివచ్చిన పార్కు, దాని గేటు దగ్గర టికెట్లిచ్చే పని. వంతెన దాటి వెళ్ళాలి, నడిచే దూరం కాదు.

"ఒక్కసారి రామ్మా. కిటికీ తీస్తే కొమ్మలు గదిలోకి వచ్చేస్తాయి" అనేది కూతురు, సెలవు దొరికి వచ్చినప్పుడల్లా.

"చూద్దాంలే" అనేది తల్లి. ఆ చూద్దామంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఓ ఉదయం మేస్త్రి ఎవరో స్నేహితుడి దగ్గర మూలపడివున్న క్యారవాన్ తెచ్చి వాకిట్లో నిలిపాడు. లోపల పడక, పొయ్యి, బల్ల, చిన్న ఫ్రిజ్. అది వచ్చి నిలబడేసరికి చెల్లెలి వంటింట్లో పగలే లైటు వేసుకోవాల్సి వచ్చింది.

"దీవి పార్కుకు పోదాం. పొద్దున్నే పోయి సాయంత్రానికి వచ్చేద్దాం" అన్నాడు.

"నేను రానన్నయ్యా."

"నిన్నెవరు రమ్మన్నారు? నేనూ మీ వదినా పోతాం. ట్రయల్‌కి మాత్రం సాయం కావాలి. కాస్త టీ పెట్టి కిటికీలోంచి అందించు, చాలు."

ఆమె టీ తెచ్చేసరికి అన్నయ్య ఆగివున్న బండిలో స్టీరింగు తిప్పుతున్నాడు.

"మలుపొచ్చింది, ఒరుగు!"

"ఒరిగానండీ" అంది వదిన.

"అటు కాదే, అటు ఒరిగితే సముద్రంలో పడతావు!"

చెల్లెలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు, టీ కిటికీలోంచి ఒలుకుతోంది, మెట్టు మీద నిలబడి ఇమ్మన్నాడు. ఇంకోనాడు, లోపలి పొయ్యి వెలగట్లేదు, వచ్చి చూడమన్నాడు. తరవాత కూర్చోమన్నాడు. ఆమె కూర్చున్నాక ఇంజను వేశాడు. ఆమె ఒక్క ఉదుటున కిందికి దూకింది. కప్పు పగిలింది. వాకిట్లో గోడ పట్టుకుని నిలబడిపోయింది.

మేస్త్రి ఇంజను ఆపేశాడు. "గొంతు మరీ పెద్దదిగా ఉంది దీనికి. ఇవాళ్టికి చాలు" అన్నాడు, తప్పంతా ఇంజనుదే అయినట్టు.

ఆ తరవాత చాలా రోజులు బండి కదల్లేదు, ఊరికే గుర్రుమంది. ఆ గుర్రు ఆమెకు అలవాటయ్యాక గేటుదాకా ఒక ట్రయల్, వీధి చివరిదాకా ఒకటి. అడుగులో అడుగేసుకుంటూ పోయే బండిని పాలవాడి సైకిలు దాటిపోయేది.

"ఈ జన్మకు ట్రయలే. పార్కు వచ్చే జన్మలో" అని వదిన నిట్టూర్చేది.

ఓ రోజు "ఇవాళ వంతెన మొదటిదాకా" అన్నాడు మేస్త్రి. చెల్లెలు దారి పొడుగునా కళ్ళు మూసుకుని వదిన చెయ్యి పట్టుకునే కూర్చుంది. బండి పక్కకు తీసి ఆపాడు.

"ట్రయల్ అయిపోయింది. ఇక తిప్పుతాను."

కానీ తిప్పలేదు. ఆమె వైపు చూడనూ లేదు. ఆమె కళ్ళు తెరిచింది. నీళ్ళకవతల, నల్లటి పచ్చదనం అలల్లోకి దిగుతోంది. ఆ చెట్లలో ఎక్కడో కూతురి కిటికీ ఉంది. భయం మాత్రం పోలేదు.

"తిప్పమంటే తిప్పేస్తావా అన్నయ్యా?"

"ఇప్పుడే."

"మరి రేపు?"

"మళ్ళీ తెస్తాను. ఎన్నిసార్లయినా తెస్తాను."

ఇన్నాళ్ళూ ట్రయల్ బండికి కాదని ఆమెకు అప్పుడు తెలిసింది.

"పోనీ. మెల్లిగా" అంది.

గేటు దగ్గర కూతురు తలెత్తకుండానే అడిగింది. "ఎంతమందండీ?"

"ముగ్గురం" అంది కిటికీలోంచి తల్లి.

కూతురి చేతిలోని టికెట్లు నేలమీద పడ్డాయి. వాటిని ఏరుకునే ధ్యాస ఎవరికీ లేదు. కాసేపటికి వెనక బండివాడే దిగి, ఏరి బల్ల మీద పెట్టాడు.

మధ్యాహ్నం కూతురు పని ముగించుకుని వచ్చేసరికి చెట్ల నీడన, నీళ్ళ పక్కన బండి ఆగివుంది. వదిన నెత్తి కొట్టుకుంది. "వంతెనదాకే అన్నారని వంట చెయ్యలేదు కదండీ! పిల్లకేం పెడతాం?"

మేస్త్రి గొణుక్కుంటూ ఫ్రిజ్ తెరిచాడు. నలుగురికి సరిపడా భోజనం, పొందికగా డబ్బాల్లో.

"ఇవాళే వస్తామని మీకెలా తెలుసు?"

"తెలీదు. అందుకే రోజూ కొన్నాను. మొదటి రోజునుంచీ."

"మరి వెళ్ళని రోజుల్లో అదంతా ఏం చేశారు?"

మేస్త్రి పొట్ట నిమురుకున్నాడు. "పారెయ్యలేం కదే."

"నలుగురిదీనా?" అంది వదిన నోరు తెరిచి.

చెల్లెలు ముందుగా అన్నయ్య కంచంలోనే వడ్డించింది. వడ్డించి, మిగతా డబ్బాలు తన వైపు లాక్కుంది.

"ఇవాళ నీ ఒక్కడి వంతే తిను అన్నయ్యా. మిగతా మూడూ తినడానికి మేమొచ్చాంగా."