ఆ పక్కన చెల్లని బిళ్ళ

మొన్న మా మనవరాలు తాను తయారుచేస్తున్న ఆసుపత్రి వెబ్‌సైటు ముందు కూర్చుని ఒకటే విసుక్కుంటోంది. డాక్టరు చీటీ తీసుకునే భాగంలో పాస్‌వర్డు ఇచ్చి లోపలికి వచ్చిన మనిషినే, పరీక్షల భాగంలోకి వెళ్ళగానే మళ్ళీ నువ్వెవరని అడుగుతోందట. గుర్తుగా ఇచ్చే కుకీ అనేదేదో మొదటి భాగానికే కట్టుబడిపోయి, రెండోదానికి అందడం లేదట. అది వింటూంటే నా చేయి నాకు తెలియకుండానే కొంగు ముడిని తడుముకుంది.

మీలో ఆదోని పత్తి మిల్లుల్లో పనిచేసినవాళ్ళుంటే ఆ ముడి సంగతి చెప్పనక్కర్లేదు, గేటు దగ్గర చూపించే బిళ్ళను అందరం అందులోనే కట్టుకునేవాళ్ళం. డెబ్బైల చివర్లో అమ్మా నేనూ ఒకే మిల్లుకు వెళ్ళేవాళ్ళం. గింజ తీసే షెడ్డులో నాకు గుండ్రటి ఇత్తడి బిళ్ళ, బేళ్ళు కట్టే షెడ్డులో అమ్మకు పలకల బిళ్ళ. చీరల్లో పత్తి దాటిపోతోందని ఇద్దరు మేస్త్రీలకూ ఒకరి మనుషుల మీద ఒకరికి అనుమానం, అందుకని మధ్యలో ఇనుప గేటు, ఎవరి బిళ్ళ వాళ్ళ వైపే చెల్లుబాటు. మధ్యాహ్నం గేటుకు చెరో పక్కన కూర్చుని, ఊచల సందుల్లోంచి ఉల్లిగడ్డ అందించుకుంటూ సద్ది తినేవాళ్ళం, అదేమీ మాకు వింతగా తోచేది కాదు.

ఒకరోజు అమ్మ బేళ్ళ దగ్గర కూలబడిందని తెలిసి పరుగెత్తాను. గేటు దగ్గర కాపలా ఉన్నది మా వీధి చాచానే, చిన్నప్పుడు నన్ను ఎత్తుకు తిప్పినవాడే. నా బిళ్ళ చూసి తల దించుకున్నాడు.

"ఇది ఆ పక్కన సెల్లదు బేటీ. గేటు తీస్తే నా నౌకరీ పోతాది. సుట్టూ తిరిగి పెద్ద గేటు నుంచి రాపో."

ఊచల అవతల అమ్మ కనిపిస్తూనే ఉంది. యంత్రాల రొదలో పెదవులు చూసి మాట తెలుసుకోవడం మాకందరికీ అలవాటే. "నా బిడ్డ యాడుండాది?" అని చుట్టూ ఉన్నవాళ్ళను అడుగుతోంది. "ఈడే ఉండానమ్మా" అని గొంతు చించుకున్నాను. ఆమె ఇటు తిరగలేదు.

నేను చుట్టూ తిరిగి చేరేసరికి అమ్మకు మాట పడిపోయింది. ఆ తర్వాత చాలాకాలం బతికింది గానీ మళ్ళీ మాట్లాడలేదు. చాచా రోజూ సాయంత్రం వచ్చి మా గడపలో కూర్చుని పోయేవాడు. ఆయన మీద కోపం తెచ్చుకోవాలన్నా నాకు రాలేదు.

మనవరాలు ఒక్క పంక్తి మార్చి, "అంతే అవ్వా, ఇంక రెండు పక్కలా గుర్తుపడ్తాది" అంది. ఎంత తేలిగ్గా అయిపోయిందో! ఇప్పుడు ఆ మిల్లూ లేదు, చాచా లేడు, గేటును ఏ పాత ఇనుప కొట్టుకు అమ్మేశారో తెలియదు. నేను అరిచిన ఆ మాట మాత్రం ఇంకా దాని ఇవతలే ఉండిపోయింది.