జూలీకి పట్టిన అలవాటు

ఇందుకూరుపేటలో ఎలిశబెతు ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతోంది. చర్చికి కట్టుకునే తెల్లచీరల మీదికి జాకెట్లు చాలామంది ఆమె దగ్గరే కుట్టించుకుంటారు. బట్టకు మరక అంటనివ్వదని పేరు. భర్త పోయాక ఒక్కతే ఉంటోంది.

కిందటి వేసవిలో ఆమె తమ్ముడు టైటస్ రొయ్యల గుంటల దగ్గర కాపలా పని మానేశాడు. అక్కడ షెడ్డులో రెండేళ్లుగా కట్టేసి ఉన్న కుక్కను తెచ్చి అక్క దగ్గర వదిలాడు. పేరు జూలీ. డొక్కలు లెక్కపెట్టేలా ఉంది.

వారం తిరక్కముందే ఎలిశబెతు ఒక సంగతి గమనించింది. జూలీ పెరట్లో దొడ్డికి కూర్చుని, లేచి, వెనక్కి తిరిగి దాన్నే తింటోంది. చీపురు తిరగేసి కొట్టింది. ఎవరో చెబితే మలం మీద కారం చల్లి చూసింది. జూలీ తుమ్ముతూనే తినేసింది. కొట్టేకొద్దీ ఇంకా తొందరగా తినసాగింది.

ఒకరోజు కొలతలివ్వడానికి వచ్చిన వెంకటశేషమ్మ అది చూసి, ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోకుండా వెళ్లిపోయింది. మర్నాడు ఉదయం ఎలిశబెతు మిషను మూసి, కుక్కను మైపాడు తీరాన వదిలేద్దామని హజరత్తయ్య ఆటో ఎక్కింది.

సగం దారిలో ఆటో కుదుపులకు బెదిరి జూలీ కాళ్ల దగ్గరే దొడ్డికి కూర్చుంది. ఎలిశబెతు అలవాటుగా చెయ్యెత్తింది. కుక్క ఆ చేతినే చూస్తూ, నేలకు అణిగిపోయి, గబగబా తినడం మొదలుపెట్టింది. ఆమె చెయ్యి దించింది. ఆటో ఆపించి, సంచిలోని గుడ్డపీలికలతో అంతా తుడిచింది. తర్వాత పశువుల ఆసుపత్రికి తిప్పమంది. హజరత్తయ్య ఆటో తిప్పాడు.

డాక్టరు వినీల చిన్న వయసు మనిషి. ఏం పెడుతున్నారో, ఎన్నిసార్లు పెడుతున్నారో అడిగింది. సాయంత్రం ఒకపూట చారన్నం అని ఎలిశబెతు చెప్పింది. మలం పరీక్షలో నులిపురుగులు కనబడ్డాయి. తిన్నది ఒంటబట్టక, ఆకలి తీరక కూడా కుక్కలు ఇలా చేస్తాయని వినీల వివరించింది. ఆ తర్వాత అడిగింది.

"కొడతా ఉంటారామ్మా?"

"కొట్టినాను."

"దొడ్డికి పోవడమే తప్పు అనుకుంటా ఉంది అది. మలం మీ కంట పడకుండా తినేస్తా ఉంది."

ఎలిశబెతు, "ఇంక కొట్టను. ఏం చెయ్యమంటారో చెప్పండి" అంది.

ఎలిశబెతు జూలీకి నులిపురుగుల మందు మింగించింది. అన్నంలో ఉడికించిన గుడ్డో కోడిమాంసమో కలిపి రెండుపూటలా పెట్టింది. పొద్దున్నే తానే పెరట్లోకి తీసుకెళ్లి, జూలీ దొడ్డికి కూర్చుని లేవగానే పేరు పెట్టి పిలిచి, వస్తే గుడ్డుముక్క ఇచ్చేది. అది నములుతుండగా మలం ఎత్తి గుంటలో పూడ్చేది. మొదటి పదిరోజులూ కుక్క పిలిచినా రాలేదు, చీపురు ఉందేమోనని ఆమె చేతులకేసే చూసింది. చీపురును వంటింటి తలుపు వెనక్కి మార్చాక కొంచెం దగ్గరికి రాసాగింది.

మూడోవారంలో ఒక ఉదయం పిలవకముందే వచ్చి ఎదురుగా నిలబడింది. ఎలిశబెతు గుడ్డుముక్క ఇచ్చి, అక్కడే మెట్టు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది.

వానలు పడేసరికి అలవాటు దాదాపు పోయింది. రోడ్డు మీద మేకలమంద వెళ్తే మాత్రం జూలీ ఇప్పటికీ పెంటికల కోసం మూతి చాస్తుంది. ఎలిశబెతు పేరు పెట్టి పిలుస్తుంది. ఒక్కోసారి వస్తుంది, ఒక్కోసారి రాదు.