రిమార్కుల గడి

మా యువజన సంఘం అధ్యక్షుడి వయసు యాభై ఆరు. జోకు కాదు. బల్కంపేటలో టైలరింగ్ దుకాణం నడిపే ఆయన, కుర్రతనంలో పెట్టిన సంఘాన్ని జుట్టు తెల్లబడ్డాక కూడా వదల్లేదు. అమీర్‌పేటలో ఏ గోడ చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులే వేలాడుతున్న రోజులవి. ఎర్రమంజిల్ క్వార్టర్స్ నుంచి నడిచొచ్చి నేనూ ఒక కోర్సు చేశాను. ఉద్యోగం రాలేదు గానీ నోరు మాత్రం బాగా వచ్చింది. "యువజన సంఘంలో యువకులుండాలి కదా అంకుల్" అని నిండు సమావేశంలో అనేశాను. అందరూ నవ్వారు. ఆయనా నవ్వారు. ఆ నెలలోనే ఆయన్ని గౌరవ సలహాదారుని చేసి కూర్చోబెట్టి, నేను కార్యదర్శినయ్యాను.

మా సంఘం చేసే అసలు పని ఒకటే, రక్తం కావలసినవాళ్ళకి దాతల్ని వెతికి పంపడం. దానికి ఆయన దగ్గర ఒక పుస్తకం ఉండేది. దుకాణంలో కొలతలు రాసుకునే పొడుగు పుస్తకమే. ఛాతీ గడిలో బ్లడ్ గ్రూపు, నడుము గడిలో ఫోన్ నంబరు రాసేవారు. చివర్లో, టైలర్లు 'ఎడమ భుజం కిందికి' అని రాసుకునే రిమార్కుల గడి. 'మంగళవారం ఉపవాసం.' 'సూది చూడనీయొద్దు, మాటల్ల పెట్టాలె.' 'మామతోని పడదు, ఆయన ముంగట అడగొద్దు.' ఇలా సాగేది ఆయన రాత. చదివితే నాకు నవ్వొచ్చేది, చిరాకు కూడా వేసేది.

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. ఎవరో ఇచ్చిన పాత కంప్యూటర్లోకి రెండు వారాలు కూర్చుని మొత్తం ఎక్కించాను. పేరు, గ్రూపు, నంబరు, అంతే. కబుర్లకి చోటు అనవసరమనుకున్నాను. కంప్యూటర్ బల్ల వెయ్యడానికి గది సర్దినప్పుడు ఆ పుస్తకాన్ని పాత పేపర్ల బండికి వేసేశాను. ఆయన్ని అడగలేదు. అడగాలని తోచనే లేదు.

ఆ ఎండాకాలంలో ఒకరోజు పొద్దున పదకొండింటికి ఆయన గదిలోకి వచ్చారు. చొక్కా బొత్తాలు ఒకటి తప్పి ఒకటి పెట్టుకుని ఉన్నారు, టైలరై ఉండి.

"మా ఇంటామెకు గర్భసంచి ఆపరేషన్ అయింది బిడ్డా. రక్తం ఆగుతలేదంటున్రు. ఓ నెగెటివ్ ఏ బ్లడ్ బ్యాంకుల లేదు. జర నీ కంప్యూటర్ల చూడు."

వెతికాను. మూడు పేర్లు వచ్చాయి. మొదటిది ఆయన భార్యదే. ఎంతమందికో రక్తమిచ్చిన మనిషి. ఆయన తెరవైపు వంగి ఆ పేరు చూశారు. "నేను సుత కూసుంట, ఇద్దరం చూద్దాం" అన్నారు.

"మీరు ఆంటీ దగ్గరికి వెళ్ళండి అంకుల్. పది నిమిషాల్లో మనిషిని పంపిస్తాను" అన్నాను. అని, పంజాగుట్ట ఆసుపత్రికి పంపించేశాను.

రెండో పేరు నేను చేర్చిన హాస్టల్ కుర్రాడిది. కోర్సు అయిపోయి బెంగళూరు వెళ్ళిపోయాడట. మూడోది కృష్ణానగర్లో ఫోటో స్టూడియోలో పనిచేసే అబ్బాయి, ఇంటి నంబరు ఉంది. చేశాను. తల్లి ఎత్తింది.

"మీ అబ్బాయి అర్జెంటుగా రక్తం ఇవ్వాలండీ, ప్రాణం మీదకి వచ్చింది."

"మా పిలగాడు ఊర్ల లేడు" అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఎంగేజ్. ఇరవైసార్లు చేశాను. అడ్రసు నేను ఎక్కించలేదు. నాది బి పాజిటివ్. నా ఒంట్లో ఉన్నదంతా ఆంటీకి పనికిరాని రక్తమే. కాలుకాలిన పిల్లిలా గదంతా తిరిగి, చివరికి ఆసుపత్రికి పరిగెత్తి ఆయనకి సంగతి చెప్పాను.

"ఇంటికి ఫోన్ చేసినవా?" అన్నారాయన. గొంతు పెంచలేదు. "వాళ్ళ నాయిన రక్తం ఎక్కిస్తుండంగనే పోయిండు. గా తల్లికి రక్తం మాటంటేనే భయం. పిలగాడు ఆమెకు తెల్వకుంట ఇస్తడు. స్టూడియోలనే కలవాలె. రాసే పెట్టిన గద బిడ్డా. పుస్తకమేది?"

"పాత పేపర్లకి వేసేశాను అంకుల్."

తిట్టి ఉంటే బాగుండేది. ఆయన అప్పటికే మెట్లు దిగుతున్నారు.

స్టూడియోకి చేరేసరికి, ఆ అబ్బాయి అప్పుడే భోజనానికి ఇంటికి వెళ్ళాడన్నారు. ఇల్లు ఆయనకి తెలుసు. గుమ్మంలో తల్లి నిలబడి ఉంది. కొడుక్కి అన్నం కూడా పెట్టకుండా ఎక్కడికో పంపించేసింది.

"నా భార్యనమ్మా" అని ఆయన చేతులు జోడించారు.

"నాకు ఒక్కడే కొడుకన్నా. వాణ్ణి అడగకన్నా" అని ఆవిడా చేతులు జోడించింది.

ఇద్దరూ ఏడుస్తున్నారు. వాళ్ళ మధ్య నేను నిలబడి ఉన్నాను. ఈ రెండు ఏడుపులకీ కారణం నేనే. భూమి నన్ను మింగితే బాగుండుననిపించింది. గంట గడిచాక, కూతురింటికి పంపానని ఆ తల్లి చెప్పింది. అబ్బాయిని పట్టుకుని తీసుకొచ్చేసరికి సాయంత్రం అయిదయింది. వాడు పాపం విన్న వెంటనే బయల్దేరాడు.

ఆంటీ మూడోరోజు పొద్దున పోయింది. గుండె బలహీనంగా ఉందని డాక్టరు అన్నారు. ఆలస్యం సంగతి నేను అడగలేదు. ఆ ధైర్యం ఈరోజుకీ లేదు.

దినవారాలయ్యాక ఆయన గదికి వచ్చి, నా పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"రిమార్కులకు గడి పెట్టు బిడ్డా. యాదికున్నంత చెప్త."

పెట్టాను. ఓ నెగెటివ్‌తో మొదలుపెట్టమన్నారు. తెర మీద మొదటి పేరు ఆంటీదే వచ్చింది. నా చెయ్యి గబుక్కున డిలీట్ మీదకి వెళ్ళింది.

"ఆగు. మొదలు రాయి" అన్నారు. కళ్ళు మూసుకున్నారు. "ఎప్పుడు పిలిచినా వస్తది. పొయ్యి మీద కూర ఉంటే దించి వస్తది, గంతసేపు జర ఆగాలె."

రాశాను. అక్షరాలు నాకు కనబడటం లేదు.

"రాసినవా?"

"రాశానంకుల్."

"ఇగ తీసెయ్యి."