డాక్టరమ్మ నేర్పిన అడగడం

పెద్దపల్లి దాటుతుంటే బస్సు కిటికీలోంచి ఊక కాలుతున్న వాసన వచ్చింది. బియ్యం మిల్లుల వెనక కుప్పలుగా పోసిన ఊకకు నిప్పంటుకుంటే లేచే ఆ పొగ కొంచెం తియ్యగా, కొంచెం గొంతు పట్టుకునేట్టుగా ఉంటుంది. పక్కనున్న అమ్మాయి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను కిటికీ ఇంకాస్త తెరిచాను. ఆ వాసన తగిలితే నాకు డాక్టర్ రత్నాబాయి గారు గుర్తొస్తారు. తెల్ల నేత చీర, మోచేతుల దాకా జాకెట్టు, ఎంత ఎండైనా తొందర లేని నడక. ఇలాంటి పొగలోనే ఒకనాడు ఆమె వెంట ఒక మిల్లు యజమాని ఇంట్లోంచి ఉత్త చేతులతో బయటికి నడిచాను.

ఆమెది ఆదిలాబాద్ వైపు. ఇంట్లో మరాఠీ, బయట మా తెలుగు. హైదరాబాదులో డాక్టరీ చదివి, కరీంనగర్‌లో ఆడవాళ్ళ దవాఖానా నడిపేవారు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి ఏళ్ళలో మా ప్రాంతపు పెద్దలు కొందరు వైద్య కళాశాల కోసం ఒక సంఘం పెట్టారు. ఖర్చులో కొంత భాగం ఒక గడువులోపల ప్రజల నుంచి వస్తే మిగతాది తాము చూస్తామని ప్రభుత్వం వారు చెప్పారు. చిన్న చందాలకు ఊరూరా మనుషులు తిరిగేవారు. ఒక భవనాన్నో ఒక వార్డునో ఒక్క కుటుంబమే కట్టించేంత పెద్ద విరాళాలు అడిగే పని మాత్రం రత్నాబాయి గారికి అప్పగించారు. ఆమె పట్టంతా ఆడపిల్లల హాస్టలు మీద. ఉండడానికి చోటు లేకపోతే ఏ తండ్రీ కూతుర్ని చదువుకు పంపడని ఆమెకు తెలుసు. నేనప్పుడు మెట్రిక్ పాసై ఇంట్లో ఉన్నాను. మా బాపు టైలరు. దవాఖానా పరదాలు కుట్టి ఇవ్వడానికి పోయి, నా సంగతి ఆమె చెవిన వేశాడు. “తెలుగు, ఉర్దూ రెండూ రాస్తదా? అయితే రేపే పంపుండ్రి” అన్నారట.

మొదటిసారి నన్ను వేములవాడలో ఒక బట్టల వ్యాపారి దగ్గరికి తీసుకుపోయారు. మాట్లాడే పని నాకే ఇచ్చారు. నేను బట్టీ పట్టుకుని పోయాను. దేశం గురించి, పేదల గురించి, చదువు గురించి ఊపిరి తీసుకోకుండా చెప్పాను. ఆయన మర్యాదగానే విని, గల్లాపెట్టెలోంచి ఒక నోటు తీసి నా చేతిలో పెట్టి, లోపలికి వెళ్ళిపోయాడు. బజారులోకి వచ్చాక నేను సంబరంగా చూశాను. రత్నాబాయి గారు నవ్వారు.

“గది చందా కాదు సులోచనా. మనల్ని పంపిచ్చేటందుకు ఇచ్చిండు.”

“మరి నేనేం చెప్పాల్సుండె డాక్టరమ్మా?”

“ఏం చెప్పకుండ ఉండాల్సింది. ఆయన కుర్చీ పక్కన దండేసిన ఫోటో చూసినవా? గా పిల్లగాడు ఎవరని అడిగినవా?”

నేను చూడలేదు. “మనం పైసలడిగేటందుకు పోతలేం” అన్నారామె బస్సు ఎక్కుతూ. “ముందుగాల ఆ ఇంట్ల ఎవరికి ఏమైందో ఇనేటందుకు పోతున్నం. అడిగేది తర్వాత.”

పెద్దపల్లి మిల్లు యజమాని విషయంలో అడగవలసిన పనే రాలేదు. ఆయన తానే కబురు చేశాడు. చాయ్ తెప్పించి, హాస్టలు మొత్తం తానే కట్టిస్తానన్నాడు. తర్వాత ఆయన గొంతు తగ్గించి, “ఒక్కటే మాట డాక్టరమ్మా. అండ్ల ఉండే పిల్లలు మా అసొంటి ఇండ్లల్ల పిల్లలే ఉండాలె. మాల మాదిగలు, తురకోళ్ళు ఒక్క వంటింట్ల తింటరంటే మావోళ్ళెవ్వరు పంపరు” అన్నాడు.

రత్నాబాయి గారు చాయ్ పూర్తిగా తాగి కప్పు కింద పెట్టారు. “నా దవాఖానల మీ కోడలికి కాన్పు చేసినప్పుడు నాకు చేతి కింద ఉన్న నర్సు మాదిగోళ్ళ పిల్ల. బిడ్డను ముందుగాల పట్టుకున్నది ఆమెనే. మీకు ఎరుక లేదనుకుంట” అన్నారు. ఆయన తన చాయ్ కప్పు పక్కకు జరిపాడు. “హాస్టలు వేరే తీరుగ కట్టుకుంటం. మీరు పిలిస్తె మాత్రం మల్ల వస్త, చాయ్ తాగుత” అని నమస్కారం పెట్టి లేచారు. ఆమె గొంతులో కోపం లేదు. అదే నాకు వింతగా తోచింది.

సంఘంలో మాత్రం పెద్ద గొడవైంది. గడువు దగ్గర పడుతున్నది. “వచ్చిన లచ్చిమిని కాలదన్నిండ్రు. హాస్టలు లేకుంటె లేకపాయె, ముందుగాల మొగపిల్లలతోనే కాలేజీ సురువు చేద్దాం” అన్నాడు అధ్యక్షుడు. ఆమె ఒక్కటే అడిగారు: “గడువు దాక నన్ను తిరగనియ్యండ్రి.” ఆ రోజు నా ఉద్యోగం పోయినట్టేననుకున్నాను. ఆమె మాత్రం మరుసటి ఉదయమే సంచీ సర్దుకుని, “లక్సెట్టిపేటకు పోదాం పా” అన్నారు.

లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డు ఊళ్ళో రుక్కమ్మ అనే దొరసాని ఉండేది. భర్త లేడు. మరిది పెత్తనం. ఒక్కగానొక్క కూతురు కమల. వానకాలంలో నొప్పులు మొదలైతే గూడున్న ఎడ్లబండి, కచ్చడం, కట్టి బయల్దేరారు. ఏరు పొంగి, పడవవాళ్ళు దాటించలేమన్నారు. ఒడ్డునే, బండిలోనే తల్లీబిడ్డా పోయారు. ఈ కథ మాకు రుక్కమ్మే చెప్పింది. ఒక్కసారి కాదు, వెళ్ళినప్పుడల్లా కొంచెం కొంచెం. రత్నాబాయి గారు కళాశాల ఊసే ఎత్తేవారు కాదు. ఆమె పక్కన కూర్చుని వినేవారు. కమలకు ఏ కూర ఇష్టమో, ఎట్లా నవ్వేదో అడిగేవారు. గడువు తరుముకొస్తుంటే నాకు కాలు నిలిచేది కాదు.

చివరికి ఒకనాడు రుక్కమ్మే అడిగింది. “మీరు కాలేజీకి చందాలు వసూలు చేస్తుండ్రట గద. నన్నెందుకు అడుగుతలేరు?”

రత్నాబాయి గారు ఆమె కళ్ళలోకి చూశారు. “చందా అడగను దొరసానమ్మా. ఆడపిల్లల హాస్టలు మొత్తం మీరే కట్టియ్యాలె. డాక్టరమ్మలు కాబోయే పిల్లలు కమల పేరున్న ఇంట్ల ఉండాలె. గిదే అడుగుతున్న.”

రుక్కమ్మ వాకిట్లోకి చూస్తూ కూర్చుంది. దర్వాజా దగ్గర నిలబడ్డ మరిది దగ్గాడు. నాకు భయం వేసింది. ఎక్కువ అడిగామేమో, సగమైనా చాలని చెబుదామని నోరు తెరవబోయాను. రత్నాబాయి గారు నా వైపు చూడకుండానే నా మణికట్టు మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి చల్లగా, బరువుగా ఉంది. నేను ఆగిపోయాను.

“నా తల్లిగారిచ్చిన భూమి ఉన్నది” అన్నది రుక్కమ్మ చాలాసేపటికి. “అది అమ్ముత.”

“వదినే, గంత భూమా? జర సోంచాయించు” అన్నాడు మరిది.

“అది నా బిడ్డకని పెట్టిన భూమి. ఇప్పుడు సుత నా బిడ్డకే పోతున్నది.” తర్వాత మా వైపు తిరిగింది. “డాక్టరమ్మా, ఏ ఇంటి పిల్ల వచ్చినా చేర్చుకోవాలె. గా దినం ఏరు ఒడ్డున ఎవ్వరన్న ఒక్క డాక్టరమ్మ దొరికితే చాలని మొక్కిన. ఎవ్వరి బిడ్డవని అడుగుదునా?”

రత్నాబాయి గారు ఏడవడం నేను చూసింది అప్పుడొక్కసారే.

గడువులోపలే భూమి అమ్ముడుపోయింది. కళాశాల వచ్చింది, కమల పేరుతో హాస్టలూ వచ్చింది. తొలి ఏడాది ఆడపిల్లలు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. హాస్టలు తెరిచే సభకు రుక్కమ్మ కచ్చడంలో బయల్దేరి రైలెక్కి వచ్చి, ఒక్కొక్క పిల్ల దగ్గర ఆగి, “మీదే ఊరు బిడ్డా? తిన్నవా?” అని అడిగింది. మిల్లు యజమాని కూడా వచ్చి వెనక వరసలో కూర్చున్నాడు. కొన్నాళ్ళకు ప్రయోగశాలకు కొంత విరాళం ఇచ్చాడు. ఈసారి ఏ షరతూ పెట్టలేదు. మనసు మారిందో, నలుగురిలో పేరు కోసమో నాకు తెలియదు. రత్నాబాయి గారిని అడిగితే, “మంచి పని చేసిండు. ఎందుకు చేసిండో మనకెందుకు?” అన్నారు.

ఆమె పోయి చాలా ఏళ్ళయింది. దవాఖానాలకు, బడులకు విరాళాలు అడిగే పనిలోనే నా జీవితం గడిచింది. అడగడం సిగ్గుపడవలసిన పని అని మా అమ్మ చివరిదాకా అనుకుంది. నేనలా అనుకోలేకపోయాను. గుండెలో బరువు పెట్టుకుని, దాన్ని ఎక్కడ దించాలో తెలియక కూర్చున్నవాళ్ళు ఎన్నో ఇళ్ళలో ఉన్నారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి కూర్చోవడం ఆమె దగ్గర నేర్చుకున్నాను. ఈమధ్య మా జిల్లా దవాఖానాలో ఒక యువ డాక్టరు, నల్లగా, సన్నగా ఉన్న అమ్మాయి, నా బీపీ చూస్తూ తాను ఆ హాస్టల్లోనే ఉండి చదివానని చెప్పింది. కమల ఎవరో ఆమెకు తెలియదు. కుర్చీ దగ్గరికి లాక్కుని చెప్పడం మొదలుపెట్టాను. బయట రోగులు వరసలో ఉన్నా, ఆ అమ్మాయి చివరిదాకా వింది.