గేదె పేరు చెప్పి రాసుకున్న నూనె

నేను కాపురానికి వచ్చినప్పుడు నా పెట్టెలో చీరల మడతల మధ్య చిన్న గాజుసీసా ఒకటి ఉండేది. అందులో మా అమ్మ కాచిన కొబ్బరి నూనె. మాది కొబ్బరితోటల ఉద్దానం. ముదురు కొబ్బరి తురిమి, పాలు పిండి, సన్నని సెగ మీద కాస్తే నూనె పైకి తేలుతుంది. అందులో చిటికెడు కస్తూరి పసుపు వేసి వడకట్టి, “మెట్ట ఊరికి ఎల్తన్నావు, అక్కడి గాలికి మొగం పగిలిపోద్ది. జాగర్త” అని సీసా నా ఒళ్లో పెట్టింది అమ్మ.

అత్తవారి ఊరు గజపతినగరం దగ్గర. నువ్వులు పండించి, గానుగాడించుకునే ఇల్లు. వంటకీ తలకీ నువ్వుల నూనే. ముఖానికి మాత్రం ఏదీ లేదు. వచ్చిన కొత్తలో ఒక సాయంత్రం నేను పెసరపిండితో ముఖం కడుక్కుని, తడి ఆరకముందే రెండు చుక్కల నూనె అరచేతుల్లో రుద్ది అద్దుకుంటున్నాను. మా అత్త గుమ్మంలో నిలబడి చూసింది.

“ఏటే గుంటా, నూనె బండి ఇరుసుకి రాత్తారు. ఎద్దు కొమ్ములకి రాత్తారు. మొగానికి రాసుకుంతారేటి?”

“మా ఊళ్లో రాసుకుంతారత్తా.”

“మీ ఊళ్లో బళ్లు నేవు కాబోలు!”

మనిషి మంచిదే. నోరే కొడవలి. కానీ ఆ నోటికి కూడా ఒక చోట భయం ఉండేది. అది శ్రీకూర్మంలో ఉండే ఆమె వదిన, అంటే సొంత అన్నగారి భార్య. అంతకు ముందు ఏడు ఏదో శుభకార్యంలో ఆ వదినగారు నలుగురి ఎదుటా మా అత్త బుగ్గ నిమిరి, “ఒదినా, ఈ సెంపల మీద ఆవాలు సల్లితే మొలకెత్తుతాయే!” అందట. అందరూ నవ్వారట. ఈ సంగతి మా అత్త నాకు బియ్యం చెరుగుతూ చెప్పింది, పిడకలు చరుస్తూ చెప్పింది, జ్వరంలో కూడా చెప్పింది. ఇప్పుడు మాఘమాసంలో ఆ వదినగారి కొడుక్కే పెళ్లి. వెళ్లక తప్పదు. పుష్యమాసం చలికి చూస్తే అత్త చెంపలు ఎండిన మడిలా నెర్రెలు విచ్చుతున్నాయి.

ఒక సాయంత్రం ఆమె నా దగ్గరికి వచ్చి, ఎటో చూస్తూ అంది.

“కోడలా, గేదె పొదుగు పగిలిపోనాది. నీ నూనె ఏటైనా పని సేత్తాదేటి?”

ఆ పొద్దున గేదెని పితికింది నేనే. పొదుగు లేత వంకాయలా నున్నగా ఉంది. నవ్వు పంటి కింద నొక్కిపెట్టాను.

“సేత్తాదత్తా. కానీ ముందర పెసరపిండీ గోరువెచ్చటి నీళ్లూ పెట్టి గేదెని కడగాలి. తడి మీదే రెండు సుక్కలు రాయాలి. ఎక్కువైతే జిడ్డు. కాసేపాగి, ఏడి నీళ్లలో ముంచి పిండిన మెత్తటి పాతగుడ్డతో అద్దెయ్యాలి.”

“రుద్దకూడదా?”

“అద్దాలి. కంటి కింద మరీ సుతారంగా, ఏలి కొసతో.”

“గేదెకి కంటి కిందేటే?” అని, అంతలో సర్దుకుని, “సర్లే, దానికీ కళ్లున్నాయి కదా” అంది.

నూనె చేతికి ఇవ్వకూడదని మా వైపు పట్టింపు. చేతిలో పెడితే ఇచ్చినవాళ్లకీ పుచ్చుకున్నవాళ్లకీ తగువొస్తుందట. అందుకని సీసాలోది చిన్న గిన్నెలోకి వంపి వంటింటి గూట్లో పెట్టేదాన్ని. అత్త సాయంత్రం పూట ఆ గిన్నె, వేణ్నీళ్ల చెంబు పట్టుకుని పశువులశాలలోకి వెళ్లి తలుపు వేసుకునేది. బయటికి వచ్చాక నేను ఊరుకోలేకపోయేదాన్ని.

“గేదెకి ఎలగున్నాదత్తా?”

“మెత్తబడతన్నాది” అనేది, తనకి తెలీకుండానే బుగ్గ తడుముకుంటూ.

రేపు పెళ్లికి బయలుదేరాలనగా, పొద్దున్నే మా మావ అన్నానికి కూర్చున్నాడు. రాత్రి చలికి గూట్లో నూనె గడ్డకట్టింది. పసుపు రంగు, పైన పూసపూసగా ఉంది. వేడి అన్నం, కందిపొడి ముందు పెట్టుకున్న మనిషికి అది నెయ్యి కాక మరేం కనిపిస్తుంది? నేను పెరట్లోంచి వచ్చేసరికి గిన్నె ఊడ్చి కలిపేశాడు.

“కోడలా, నెయ్యి నువ్వు కాసినావేటి? కొబ్బరి వాసనొత్తన్నాది గానీ బాగున్నాది!”

వెనకాలే అత్త వచ్చింది. గిన్నె చూసింది, విస్తరి చూసింది.

“ఓలమ్మో! తినీసినావా? అది గేదె మందు!”

మావ చెయ్యి నోటి దగ్గరే ఆగిపోయింది. “గేదె మందా? ఇసమేటి? పశువుల కాంపౌండరు కాడికి ఎల్తాను, ఇరుగుడు అడుగుతాను” అంటూ తువ్వాలు భుజాన వేసి గడప దాటాడు.

కాంపౌండరు వస్తే ముందు గేదెని చూస్తాడు. గేదెకేమీ లేదంటాడు. సంగతి మధ్యాహ్నానికి ఊరంతా, మా బండి కంటే ముందు శ్రీకూర్మమూ చేరుతుంది. అత్త నా వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను.

“ఆగు!” అని అరిచింది. “గేదెకి కాదు. నాను రాసుకున్నాను. మొగానికి!”

మావ వెనక్కి వచ్చాడు. వంగి, ఆమె ముఖంలోకి ఎగాదిగా చూశాడు.

“అదా సంగతి! దీపమెట్టేయేళ ఇంట్లో ఎవులో కొత్త మనిసి తిరుగుతన్నట్టుంటే, సుట్టాలొచ్చినారేటనుకున్నాను.”

“సిగ్గునేదు, కోడలి ముందర!”

ఆయన మళ్లీ కూర్చుని విస్తరి ముందుకు లాక్కున్నాడు. “నీ మొగానికి మంచిదైతే నా కడుపుకి సెడ్డేటి?”

ఆయన తిన్నాడు గానీ అత్త తినలేదు. సీసా బోర్లించి చూసింది. అడుగున పూస కూడా మిగల్లేదు. “ఈ సలిగాలిలో బండెక్కితే మళ్లీ పగులుద్ది. మా ఒదిన మళ్లీ ఆవాలు సల్లుతాది” అంది. ఆ గొంతు అంత చిన్నగా పలకగా నేను వినడం అదే మొదటిసారి. నాలోని అల్లరంతా అణిగిపోయింది.

జాడీలోంచి ఇంటి నువ్వుల నూనె తీసి, చిటికెడు పసుపు వేసి గోరువెచ్చగా చేశాను. “ఇది సాలత్తా. కడగడం, తడి మీద రాయడం, జిడ్డు ఉంచకపోవడం. సగం గుణం అందులోనే ఉన్నాది.” గిన్నె కింద పెట్టబోతే ఆమె చెయ్యి చాపింది.

“సేతికిస్తే తగువొత్తాదత్తా.”

“మనకి కొత్తేటి? ఇలా తే.”

పెళ్లిపందిట్లో వదినగారు రానే వచ్చింది. అలవాటు చొప్పున బుగ్గ నిమరబోయింది. చెయ్యి జారింది. కళ్లు చిట్లించి దగ్గరగా చూసింది.

“ఒదినా, ఏటి రాసినావే?”

“బండి ఇరుసుకి రాసీదే” అంది మా అత్త, పందిరంతా వినేలా. “మా ఇంట్లో జాడీలకి జాడీలు.”

తిరుగుదారిలో బండిలో నన్ను మోచేత్తో పొడిచింది. “సీసాడు పంపమని సెవిలో అడిగినాదే.”

“పంపుదామా అత్తా?”

“పంపుదాంలే” అంది, చెంపలకి కొంగు కప్పుకుంటూ. “ముందర ఓ గేదెని కొనుక్కోమను.”