బావి పైన గోలెం

నర్సమ్మ పోయిందని చిట్గుప్ప బస్సు దిగిన మా మరిది చెప్పాడు. ఆఖరి వేళ దగ్గర ఎవరున్నారో, నోట్లో నీళ్ళు ఎవరు పోశారో అని నాకు ఒకటే దిగులు. ఒంట్లో బాగాలేదని ఒక్క కబురైనా పెట్టలేదు. ఎప్పుడూ అంతే, మనిషిని విసిగించి చంపేది.

చిన్నవాళ్ళకు నారికురుపు తెలియదు. నీళ్ళతో కడుపులోకి పోయిన పురుగు, ఏడాదికి కాలిలోంచి దారంలా బయటికి వచ్చేది. అదీ సరిగ్గా విత్తనాల వేళకే. మైసూరు రాష్ట్రం పేరు ఇంకా మారని రోజుల్లో అది మా ఇంటాయన కాలికి వచ్చింది. ఆయన మంచం మీద, పొలం బీడు. మరుసటేడు కూడా వస్తే ఏం తిని బతకాలని నాకు కంటి మీద కునుకు లేదు.

అప్పుడు దిగింది, సర్కారు పంపిన నర్సమ్మ. కన్నడ మనిషి, మా దగ్గరే తెలుగు నేర్చింది. వేళాపాళా లేకుండా వచ్చి మా కడవల మూతలెత్తి చూసేది. బట్టతో నీళ్ళు వడగట్టడం ఆమె నేర్పిందే.

దిగుడుబావి దగ్గర మాత్రం ఆమె మాట సాగలేదు. దుమ్ముకాళ్ళతో నీళ్ళు ముట్టకూడదని మా ఆచారం. కురుపున్నవాళ్ళు కూడా చివరి మెట్టు మీద కాళ్ళు కడుక్కునే కడవ ముంచేవారు. పురుగు పిల్లలు ఆ కాళ్ళ నుంచే నీళ్ళలో పడతాయని ఆమె నెత్తీ నోరూ కొట్టుకునేది.

"కాళ్ళు కడగొద్దంటవా? మీ ఇంట్ల గట్లనే చేస్తరా?" అని మా ఊరి ఆడవాళ్ళ భజన నడిపే పెద్దక్క దులిపింది.

"మీకు దండం పెడత తల్లీ, బావిల కడగకుండ్రి!"

వాళ్ళిద్దరి మధ్య నా ప్రాణం విసిగింది. "లోపల కడగొద్దు, గంతే గదా! పైన గోలెం పెట్టి ఆడ కడిగి సావుండ్రి. కురుపున్నోళ్ళు ఆడనే ఆగాలె, మంచిగున్నోళ్ళు దిగి నీళ్ళు తెచ్చిపోయాలె" అన్నాను.

బావి పైన పెద్ద నీళ్ళ తొట్టి, అదే గోలెం, పెట్టి భజన ఆడవాళ్ళు వంతులు వేసుకుని నింపారు. నర్సమ్మ ఊరుకుంటేనా! కొత్త నర్సులను తెచ్చి వాళ్ళకు గోలెం సంగతి పెద్దక్క చేత చెప్పించేది. అక్కడి ఆడవాళ్ళకు చెప్పమని నన్ను మన్నళ్ళి ఊరి దాకా లాక్కుపోయేది. పొయ్యి ఆర్పానో లేదో, బస్సు దొరుకుతుందో లేదో అని నేను కొట్టుకుంటుంటే, "నీ భయం నలుగురికి పంచు, తగ్గుతది" అనేది. తగ్గితే కదా!

ఆ ఏడాదంతా ఆయన పిక్కలు రోజూ తడిమాను. "సంతల ఎద్దును చూసినట్టు చూస్తవేందే?" అని ఆయన కసిరేవాడు.

తొలివాన పడింది. ఆయన విత్తనాలు వేయడానికి గొర్రు కట్టాడు. నేనూ నర్సమ్మా గట్టు మీద నిలబడ్డాం.

"రేపు గిట్ల పురుగు బయటపడితే?" అన్నాను.

"నోరు మూసుకొని చూడమ్మా!"

చూశాను. తడి నేలలో, గొర్రు వెనక ఆయన అడుగులు, కుడిదీ ఎడమదీ ఒక్క తీరుగా దిగబడుతూ పొలం ఆ కొస దాకా పోయాయి.